కొట్టుకునే చేపలు

మా నాన్న పదిహేడు చేపల్ని చంపిన రోజునే మా అమ్మ చెయ్యి కూడా విరిచాడు. చేపలు పొరపాటున చచ్చాయి. చెయ్యి మాత్రం పొరపాటున విరగలేదు. మా కాలనీలో ఈ సంగతి అందరికీ ఇంకో రకంగా తెలుసు. అమ్మ బట్టలుతికే బండ దగ్గర జారిపడిందని చెప్పాం, వాళ్ళు నమ్మారు, లేదా నమ్మినట్టు తల ఊపారు. ఆనాటివాళ్ళు ఇప్పుడు ఆ కాలనీలో ఎవరూ లేరు కాబట్టి ఉన్నదున్నట్టు రాసేస్తున్నాను.

అది బిలాస్‌పూర్, ఎనభైల మధ్య కాలం. మా తాత విజయనగరం వైపు నుంచి పట్టాల పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. నాన్న గూడ్సు డ్రైవరయ్యాడు. బొగ్గు బళ్ళు నడిపేవాడు. డ్యూటీకి వెళితే రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు ఇంటికి వచ్చేవాడు కాదు. ఆ రెండు మూడు రోజులూ మా క్వార్టర్లో రేడియో మోగేది, అమ్మ తల విరబోసుకుని అరుగు మీద కూచునేది, నేను కంచం పక్కన పుస్తకం తెరుచుకుని అన్నం తినేదాన్ని. ఆయన ఇంట్లో ఉన్న రోజున గొళ్ళెం కూడా చప్పుడు కాకుండా వేసేవాళ్ళం.

ఆయన వస్తున్నట్టు మాకు ముందే తెలిసేది. ఆ రోజుల్లో మా డ్రైవర్లకి ఒక అలవాటు ఉండేది. బండి గతౌరా దాటి లాల్‌ఖదాన్ దగ్గరికి రాగానే ఎవరి కూత వాళ్ళు వేసేవారు. ఇంటికి కబురన్నమాట. నాన్నది ఒక పొడుగు, రెండు పొట్టి, మళ్ళీ ఒక పొడుగు. మిగతా ఇళ్ళలో ఆడవాళ్ళు తమవాడి కూత వినగానే పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు. మా అమ్మ ఎసరు పెట్టి, ఆ తరువాత ఇల్లంతా ఒకసారి తిరిగి చూసేది. మూత లేని బిందె, గడపకి అడ్డంగా పడున్న నా చెప్పులు, తక్కువ మార్కులొచ్చిన కాగితం, ఏది ఆయన కంట పడితే కొంప మునుగుతుందో దాన్ని తీసి దాచేసేది. బండి యార్డులో పెట్టి, సంతకం చేసి, సైకిలెక్కి ఇంటికి రావడానికి ఆయనకి గంట పట్టేది. ఆ గంట మా అమ్మది.

ఆయన తాగేవాడు కాదు. తాగి కొట్టేవాళ్ళ పెళ్ళాలకి కనీసం చెప్పుకోవడానికి ఒక సీసా ఉంటుంది, మా అమ్మకి అదీ లేదు. లాల్‌ఖదాన్ బయట సిగ్నలు ఇవ్వకుండా రెండు గంటలు నిలబెట్టేశారని కొట్టేవాడు. చారు చల్లారిందని కొట్టేవాడు. ఒకసారి నేను నవ్వానని కొట్టాడు, నేను రేడియోలో మాటకి నవ్వాను, ఆయన తనని చూసి అనుకున్నాడు. వీధిలో కుక్కలు కొట్టుకుంటున్నప్పుడు మాత్రం గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి చివరిదాకా చూసేవాడు. ఆ పూట మాట్లాడకుండా అన్నం తిని పడుకునేవాడు. అది నేనూ చూశాను గానీ పట్టించుకోలేదు. అమ్మ పట్టించుకుంది.

నాకూ ఆయన చెయ్యే వచ్చింది. మొన్ననే కుక్కరు మూత గోడకేసి కొట్టాను, సొట్ట పోయింది. కాబట్టి నన్ను మంచిదాన్ననుకుని చదవడం మొదలుపెట్టకండి.

నాకు పదమూడేళ్ళప్పుడు, ఇంజను దిగుతూ ఆయన కళ్ళు తిరిగి పడబోయాడు. పక్క క్వార్టరులో ఒక బాబాయి ఉండేవాడు, చుట్టం కాదు, పిలుపే. రైల్వే ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన ఇంటికొచ్చి నాన్న జబ్బకి పట్టీ చుట్టి, బీపీ చూసి, రెండోసారి చూసి, నోరు తెరిచాడు.

"అన్నయ్యా, ఇదేటిది? ఇంత బీపీ ఎట్టుకుని బండెలా నడుపుతున్నావు? రెండు నెలల్లో నీకు మెడికల్ ఉంది కదా. అక్కడ కూడా ఇదే వొచ్చిందంటే ఇంక ఇంజనెక్కనివ్వరు. షెడ్డులో కుర్సీ ఏసి కూకోబెట్టీస్తారు. పొద్దున్నెళ్ళడం, సాయంత్రానికి ఇంటికి రావడం, రోజూ అదే."

"అయితే మాత్రలియ్యి."

"మాత్రలు రాయించుకుంటే కాగితం మీదకెక్కీద్ది. మెడికల్‌లో ముందు ఆ కాగితమే తీస్తారు. ఉప్పు మానీ. కోపం మానీ."

గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మ ముఖం పాలిపోయింది. నాన్న పరువు గురించి బెంగ పెట్టుకుందనుకున్నాను. నాకు మాత్రం లోపల సంబరంగా ఉంది. ఇంజను లేకుండా ఆయన కుర్చీలో కూర్చుని ఫైళ్ళు తిరగేస్తుంటే చూడాలనిపించింది. ఫెయిలవ్వాలని దేవుడి పటానికి దండం కూడా పెట్టాను.

ఉప్పు మానడం ఒక్క పూట నడిచింది. ఉప్పు లేని పప్పు కంచంతో సహా గోడకి వెళ్ళింది. కోపం మానడం ఎలాగో ఎవరికీ తెలియలేదు. అప్పుడు బాబాయే ఇంకో దారి చెప్పాడు. "మా పెద్ద డాక్టరు గదిలో చేపల తొట్టి ఉందన్నయ్యా. రోజూ అరగంట దాన్ని సూస్తా కూకుంటే బీపీ దిగుద్దంట. ఆయనే సెప్పినాడు." ఎవరి మాటా చెవిన వేసుకోని మనిషి ఆ మాట వేసుకున్నాడు. ఇంజను దిగడమంటే ఆయనకి నలుగురిలో బట్టలూడదీసినట్టే.

షెడ్డులో ఫిట్టరొకాయన ఇనప యాంగిల్ ముక్కలతో చట్రం చేసి, దళసరి అద్దాలు బిగించి, సందులకి లప్పం పెట్టి తొట్టి తయారుచేశాడు. రెండున్నర అడుగుల పొడుగు. దాన్ని ముందుగదిలో నాన్న పాత లైన్ బాక్సు మీద పెట్టారు. లైన్ బాక్సంటే డ్రైవర్లు డ్యూటీకి పట్టుకెళ్ళే నల్ల ఇనప పెట్టె, మూలలు కత్తుల్లా ఉంటాయి. కొత్త వస్తువు కదా, అమ్మ అద్దానికి పసుపు రాసి మూడు బొట్లు పెట్టింది.

ఆదివారం నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని నాన్న తార్‌బహార్ వెళ్ళాడు. అక్కడ చేపల దుకాణం నడిపే ముసలాయన పాన్ నములుతూ, వచ్చినవాళ్ళనల్లా హితబోధ చేసేవాడు. "సాహబ్, పహలే పానీ తీన్ దిన్ ఖులా రఖియే. ఫిర్ దో మఛ్లీ డాలియే. బస్." నీళ్ళు మూడు రోజులు ఆరుబయట ఉంచాలట, ఆ తరువాత రెండే రెండు చేపలు వేయాలట, అవి నిలదొక్కుకున్నాక ఇంకో రెండట.

నాన్న నా వైపు తిరిగి నవ్వాడు. "యాభై వ్యాగన్ల బండి లాగేవోణ్ణి, నాకు రెండు చేపలిస్తాడంట! రెండు చేపలకి నా బీపీ దిగుద్దా?"

పద్దెనిమిది కొన్నాడు. బంగారు రంగువి ఆరు, నల్ల మోలీలు ఆరు, మిగతావి ఏంజిల్ చేపలు, పలచగా, రెక్కల చివర పొడుగాటి దారాలతో. ఇంటికి రాగానే కొళాయి నీళ్ళు తొట్టి నిండా పట్టించాడు. ఆ వారం కాలనీ ట్యాంకులో బ్లీచింగ్ పొడి కలిపారు, నీళ్ళు పట్టుకుంటుంటే ముక్కు మండేది. మేం వాటితోనే స్నానాలు చేస్తున్నాం, చేపలకేమవుతుందిలే అనుకున్నాడు.

పావుగంటకి చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. బంగారు చేపలు పక్కకి ఒరిగి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. నాన్న చొక్కా చెయ్యి మడిచి, నీళ్ళల్లోకి పెట్టి, వాటిని కిందకి తోశాడు. "ఈదు. ఈదు అంటన్నానా!" మళ్ళీ పైకి వచ్చినదాన్ని అరచేత్తో నీటి మీద కొట్టాడు. ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే. మోలీ ఒకటి ఆ దెబ్బకి ఎగిరి గచ్చు మీద పడింది, ఆయన కాలి కిందే నలిగింది. నేను సందు చూసి ఒక ఏంజిల్‌ని గ్లాసుతో ముంచి, వంటింట్లోకి పరుగెత్తి, సీసాలో బిందె నీళ్ళు పోసి అందులో వేశాను.

అప్పుడు అమ్మ ఒక్క మాట అంది. "నీల్లు మందు వాసనేస్తన్నాయి, తీసీండి ముందు."

ఆయన వెనక్కి తిరగడం నేను చూశాను. చెయ్యి తడిగా ఉంది, ఆ తడి చేత్తోనే ఆమెని తోశాడు. కొట్టలేదు, తోశాడు, అని తరువాత ఆయనే బాబాయితో చాలాసార్లు అన్నాడు. అమ్మ ఎడమ చెయ్యి లైన్ బాక్సు మూలకి తగిలింది. ఎండిన కందికంప కాలి కింద విరిగినట్టు చిన్న చప్పుడైంది. అమ్మ అరవలేదు. చేతిని ఒళ్ళో పెట్టుకుని గోడవారన కూచుంది, ఆ చెయ్యి మణికట్టు పైన ఉండకూడని చోట వంగి ఉంది. తొట్టిలో పదహారు చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. ఆయన వాటిని చూస్తూ, "దుకాణమోడు మోసం చేసినాడు," అన్నాడు.

సిమెంటు కట్టుతో అమ్మ తిరిగి వచ్చేసరికి నా సీసాలో ఏంజిల్ బతికే ఉంది. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "బిందెలో నీల్లు రెండు రోజులవి," అంది. ముసలాయన చెప్పింది ఆమెకి అర్థమైంది.

తరువాతి వారం నాన్న లైను మీద ఉండగా అమ్మ చేయించిన పనులు నాకు అంతుపట్టలేదు. పెరట్లో పెద్ద డ్రమ్ము కడిగించి నీళ్ళు పట్టించింది. మూడు రోజులు ఎండకి పెట్టి, బకెట్లతో నా చేత తొట్టిలో పోయించింది. ఆ తరువాత కట్టు చెయ్యి కొంగులో దాచుకుని, నన్ను తీసుకుని రిక్షాలో తార్‌బహార్ వెళ్ళింది. మా అమ్మ హిందీ సగం తెలుగే. దుకాణం ముందు నిలబడి సూటిగా అడిగింది.

"భయ్యా, జో మఛ్లీ మార్‌పీట్ కర్తా హై, వో దో."

ముసలాయన నమలడం ఆపాడు. "మార్‌పీట్?"

"హా. ఖూబ్ మార్‌పీట్."

ఇంటికి చేపలు కొనేవాళ్ళు కొట్టుకోనివి అడుగుతారమ్మా, ఇంతవరకు ఎవరూ కొట్టుకునేవి అడగలేదు, అని ఆయన హిందీలో నెమ్మదిగా చెప్పాడు. అమ్మ వినలేదు. నాకు సిగ్గేసి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. చివరికి ఆయన ఒళ్ళంతా పులిచారలున్న చిన్న చేపలు ఎనిమిది, నల్లచారల జంట ఒకటి, ఎర్రటి ఫైటరు ఒకటి, వాటి చేత తన్నులు తినడానికన్నట్టు నాలుగు మెత్తటివి, కవర్లలో కట్టి ఇచ్చాడు. నల్లచారల జంటని ఇస్తూ, ఇవి గుడ్లు పెట్టాయంటే తొట్టిలో ఇంకెవరినీ బతకనివ్వవు, జాగ్రత్త, అన్నాడు. "అచ్ఛా," అంది అమ్మ, తృప్తిగా.

నాన్న వచ్చి చూశాడు. కుర్చీ లాక్కుని కూచున్నాడు. పులిచారలవి గుంపుగా తిరుగుతూ మెత్తటివాటి తోకలు పీకుతున్నాయి. నల్లచారల మగది తొట్టిలో ఒక మూల తనదని తేల్చుకుని, అటు వచ్చినదాన్నల్లా గుద్ది తరుముతోంది. నాన్న ముందుకు వంగాడు. "అరే, వీడు మొగోడు రా," అన్నాడు. అలా కూచునే నిద్రపోయాడు, గురక కూడా పెట్టాడు. ఆ రోజు ఎవరినీ కొట్టలేదు.

మర్నాడు ఆయన కన్ను నా సీసా మీద పడింది. చేప సీసాలో ఏమిటి, తొట్టిలో వెయ్యమన్నాడు. నేను సీసాని గుండెకి అదుముకున్నాను. అమ్మ వచ్చి, మంచి చెయ్యితో నా చెంప మీద కొట్టింది. అమ్మ నన్ను కొట్టడం అదే మొదటిసారి. సీసా లాక్కుని నా చేపని తొట్టిలో ఒంపేసింది.

నా ఏంజిల్ పన్నెండు రోజులు బతికింది. మొదటి రోజే దాని రెక్కల దారాలు తెగాయి. తరువాత తోక సగం పోయింది. నల్లచారలది దాని పక్కటెముకల మీద గుద్ది గుద్ది పొలుసులు రాల్చేసింది. ఒక కన్ను పోయాక అది ఆ కన్ను వైపు నుంచి వచ్చే దెబ్బలు తెలియక, ప్రతిసారీ ఉలిక్కిపడేది. నాన్న దాన్ని చూసి తొడ చరుచుకుని నవ్వేవాడు. "అమ్మా, దాన్ని తీసీమే," అని ఆమె కాళ్ళు పట్టుకున్నాను. "ఒల్లకో. ఉండనీ దాన్ని ఆడే," అని బియ్యం ఏరుకుంటూ కూచుంది. అది చచ్చిన పొద్దున అమ్మ దాన్ని చెంచాతో తీసి మల్లెచెట్టు మొదట్లో పూడ్చింది. సాయంత్రానికి తార్‌బహార్ నుంచి ఇంకో నాలుగు మెత్తటివి తెచ్చి వేసింది.

అలా వారం వారం తెచ్చేది. చచ్చినవాటిని ఆయన నిద్ర లేవకముందే తీసేసేది, తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండేలా చూసేది. బాబాయి ఆదివారాలు వచ్చి పట్టీ చుట్టి చూసి ఆశ్చర్యపోయేవాడు. "ఏటి సేసినావన్నయ్యా? బాగా దిగింది. ఇలాగే ఉంటే పాసయిపోతావు."

"చేపలు," అనేవాడు నాన్న, తనే కనిపెట్టినట్టు.

నిజం చెప్పాలి. ఆ ఆరు వారాలూ ఆయన అమ్మ మీద చెయ్యెత్తలేదు. నా మీదా ఎత్తలేదు. వంటింట్లో అమ్మ ఏదో కూనిరాగం తీయడం విన్నాను. కానీ నా కళ్ళకి చేప కన్ను తప్ప ఏమీ కనిపించలేదు. ఇద్దరూ ఒకటే అనుకున్నాను. ఆయన చేత్తో కొడతాడు, ఈమె చేపల చేత కొట్టించి ఆయనకి చూపిస్తుంది. నాకు వాళ్ళిద్దరి మీదా, ఆ తొట్టి మీదా అరికాలి మంట నెత్తికెక్కి ఉంది.

మెడికల్ సోమవారం. దానికి ముందు శనివారం మధ్యాహ్నం అమ్మ కట్టు కోయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళింది. నేనొక్కదాన్నే ఇంట్లో ఉన్నాను. బాబాయి భార్య, నేను పిన్ని అని పిలిచే ఆమె, మూత పెట్టిన తపేలా పట్టుకుని వచ్చింది. లోపల ఏదో ఠపఠపా కొట్టుకుంటోంది.

"గతౌరా నుంచి చేపలమ్మి వొచ్చింది. కొర్రమీను, వాళ్ళు ఖోక్సీ అంటారు సూడు, అదే. ఎముక అతుక్కున్నాక కొర్రమీను పులుసు తాగితే బలం వొస్తాది, అక్క కోసం తీసినాను. ఈరోజు శనివారం కదా, కొయ్యకండి. నీల్లల్లో ఏసి ఉంచు, రేపు కోసుకుందురు. నా తపేలా నాకిచ్చీ."

మా ఇళ్ళలో శనివారం నీచు ముట్టరు. అందుకని శనివారం చేతికొచ్చిన చేపని ఆదివారం దాకా బతికించి ఉంచడం మా అందరికీ అలవాటే. బకెట్లో ఉంచుతారు. ఆ రోజు తలంట్లు, ఒక బకెట్లో బట్టలు నానుతున్నాయి, ఇంకోదాన్లో కుంకుడు రసం ఉంది. పెరట్లో డ్రమ్ము మాత్రం సగం నీళ్ళతో ఉంది. అందులో వేయొచ్చు. ఆ సంగతి నాకు తెలుసు.

తపేలా తీసుకెళ్ళి తొట్టిలో ఒంపాను.

కొర్రమీను నా మోచెయ్యంత ఉంది. నల్లగా, పాము తలతో, నేరుగా అడుక్కి దిగి కదలకుండా పడుకుంది. పులిచారలవి అలవాటు ప్రకారం కొత్తదాన్ని ఏడిపించడానికి గుంపుగా వచ్చాయి. ఒకటి దాని తోక పీకింది. కొర్రమీను తల కొంచెం తిప్పింది, అంతే, ఆ చేప అక్కడ లేదు. నీళ్ళల్లో రెండు పొలుసులు మెరుస్తూ కిందకి దిగాయి. మిగతావి ఏం జరిగిందో తెలియక మళ్ళీ వచ్చాయి. రెండోది పోయింది. మూడోదాన్ని అద్దానికి అదిమి పట్టింది, దాని ముఖం నాకు జానెడు దూరంలో ఉంది. ఫైటరు రెక్కలన్నీ విప్పుకుని ఎదురు నిలబడింది, ఆ రెక్కలతో సహా లోపలికి వెళ్ళింది. చివరికి నల్లచారల మగది తన మూల వదలకుండా కొర్రమీను కంటి మీదకి దూకింది. రెండుసార్లు గుద్దింది. మూడోసారికి కొర్రమీను దాన్ని అడ్డంగా పట్టుకుని, నెమ్మదిగా తిప్పుకుని, తల వైపు నుంచి మింగింది. తోక చాలాసేపు నోటి బయట కొట్టుకుంది.

నేను చప్పట్లు కొట్టాను. "తిను, తిను," అని పైకే అన్నాను. అంత సంతోషం నాకు ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ కలగలేదు.

అప్పుడు కూత వినిపించింది. లాల్‌ఖదాన్ వైపు నుంచి. ఒక పొడుగు, రెండు పొట్టి, మళ్ళీ ఒక పొడుగు.

గంట ఉంది. తొట్టిలో ఇంకా ఆరో ఏడో మిగిలి ఉన్నాయి. కొర్రమీనుని తీసి డ్రమ్ములో వేసి, చచ్చినవి చచ్చాయని చెప్పొచ్చు, పరుగున తార్‌బహార్ వెళ్ళి నాలుగు తెచ్చి వేయొచ్చు. అవన్నీ నాకు తోచాయి. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూచున్నాను. చూడనీ, అనుకున్నాను.

అమ్మ ఆ కూత ఆసుపత్రిలో విని పరుగెత్తుకుంటూ వచ్చింది. కట్టు విప్పిన చెయ్యి సన్నగా, తెల్లగా, పొట్టు రేగి ఉంది, దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఉంది. అలవాటుగా ఇల్లు ఒకసారి చూడబోయి, తొట్టి దగ్గర ఆగిపోయింది. అందులో కొర్రమీను ఒక్కటే ఉంది. నీళ్ళు మసకబారి ఉన్నాయి. అమ్మ నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను.

"ఎంత పని సేసీసినావే గుంటా," అంది. గొంతులో కోపం లేదు.

గేటు చప్పుడైంది. నాన్న లైన్ బాక్సుతో లోపలికి వచ్చి, చెప్పులు విప్పకుండానే తొట్టి వైపు చూశాడు.

"ఏవీ?"

తొట్టి మీదకి వంగాడు.

"ఎవరేసినారు దీన్ని?"

"నేనే ఏసీసినాను," అంది అమ్మ. "శనివారం కదా. రేపటిదాకా బతికుంటాదని. మతి లేకపోయింది."

ఆయన లైన్ బాక్సు నెమ్మదిగా కింద పెట్టాడు. కొర్రమీను మొప్పల్లో వేళ్ళు దూర్చి బయటికి లాగి, దాని తల లైన్ బాక్సు మీద మూడుసార్లు బాదాడు. నెత్తురు నా గౌను మీద పడింది. తరువాత తొట్టిని కాలితో తన్నాడు. అద్దం పగిలి నీళ్ళు ఒక్కసారిగా గదినిండా పరుచుకుని గుమ్మం దాటి అరుగు మీదకి పోయాయి. అప్పుడు అమ్మ వైపు వెళ్ళాడు. ఈసారి తోయలేదు. జుట్టు పట్టుకుని గోడకి కొట్టాడు. రెండోసారి కొట్టబోతుంటే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది, ఆ చెయ్యి పట్టుకుని మెలితిప్పాడు. అప్పుడే అతుక్కున్న చోట. ఈసారి అమ్మ అరిచింది.

నేను గోడకి అతుక్కుని ఉన్నాను. నేనే వేశాను నాన్నా అనే మాట నా నోట్లో తయారుగా ఉంది. మూడు మాటలు. బాబాయి పరుగెత్తుకొచ్చి ఆయన నడుం పట్టుకుని వెనక్కి లాగేదాకా నేను నోరు మెదపలేదు. ఆ తరువాత కూడా మెదపలేదు.

ఆదివారం ఆ కొర్రమీనునే వండాం. అమ్మ గాజుపెంకుల మధ్య నుంచి దాన్ని తీసి దాచింది, పారేయడానికి మనసొప్పలేదు. కొత్త కట్టుతో పీట మీద కూచుని నాకు చెప్పింది, బూడిద రాసి పట్టుకో, పొలుసు ఇలా గియ్యి, పొట్ట ఇక్కడ కొయ్యి. కోశాను. లోపలి నుంచి పులిచారల చేపలు బయటపడ్డాయి, చారలు చెక్కు చెదరకుండా. నల్లచారల మగది కూడా ఉంది. నేను కత్తిపీట వదిలేశాను. అమ్మ మంచి చెయ్యితో వాటిని తీసి పక్కన వరసగా పెట్టింది. అప్పుడు చెప్పింది.

"ఇవి కొట్టుకున్నన్నాళ్ళు ఆయన నన్ను కొట్టినాడా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"రేపు పాసయిపోతే రిటైరయ్యేదాకా లైను మీదే ఉందుడు. నెలకి ఇరవై రోజులు మనవి. నేను సూసుకున్నది అదొక్కటే. ఆయన ఇంజను కోసం కాదు."

"నాకు సెప్పలేదు కదా," అన్నాను.

"సెప్తే నువ్వాగుదువా? నీది ఆయన కోపమే." అలా అని, పులుసులోకి ఉప్పు కొంచెం తగ్గించి వెయ్యమంది. ఇంకా ఆశ పోలేదు ఆమెకి. నాన్న రెండుసార్లు పోసుకుని తిన్నాడు.

సోమవారం ఫెయిలయ్యాడు. పట్టీ చుట్టిన డాక్టరు రెండోసారి చూడను కూడా చూడలేదట. వారం తిరిగేసరికి షెడ్డులో కుర్చీ ఇచ్చారు.

నేను కోరుకున్నట్టే జరిగింది. ఆయన రోజూ ఇంట్లోనే ఉన్నాడు. పదమూడేళ్ళు, రిటైరయ్యేదాకా. నేను వాటిలో ఆరేళ్ళే భరించి, దొరికిన మొదటి సంబంధానికి తలూపి భిలాయ్ వెళ్ళిపోయాను. మిగతా ఏడేళ్ళు అమ్మ ఒక్కతే ఉంది. చేపని వేసింది ఎవరో ఆమె చివరిదాకా ఆయనకి చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

షెడ్డు నుంచి వచ్చే మనిషికి కూత ఉండదు. ఒకరోజు ఐదింటికి, ఒకరోజు నాలుగున్నరకి, ఒకరోజు మధ్యాహ్నం అన్నానికే సైకిలు గేటుకి కొట్టేవాడు. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. లాల్‌ఖదాన్ వైపు నుంచి ఎవరి బండి కూసినా అమ్మ చేస్తున్న పని వదిలి లేచేది, వంకర తిరిగిన ఆ ఎడమ చెయ్యి కొంగులో పెట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరిగి చూసేది, ఆ తరువాత గుర్తొచ్చి మళ్ళీ కూచునేది. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్నది ఆ ఒక్క గంట. అది నేనే తీసేశాను.